నవ్వుతూ దాటాల్సిన తలుపు

సాల్మిర్ విమానాశ్రయంలో ఇప్పుడు క్యూ లేదు. నమ్మరు కదూ? పరాయిదేశంలో విమానం దిగగానే ముందుగా మనకి కనబడేదేమిటి చెప్పండి! మెలికలు తిరిగిన తాళ్ళు, ఆ తాళ్ళ మధ్య ఇరుక్కున్న జనం, భుజాల మీద నిద్రపోయిన పిల్లలు, పాస్‌పోర్టు పళ్ళతో పట్టుకుని రెండు చేతులా సంచులు ఎత్తుకున్న పెద్దమనుషులు. సముద్రాలు దాటడం ఒక ఎత్తు, ఆ తాళ్ళు దాటడం ఒక ఎత్తు. అలాంటి తాళ్ళన్నీ సాల్మిర్‌లో చుట్టచుట్టి గోడౌన్‌లో పడేశారు.

సాల్మిర్ అంటే నెరోవా దీవికి ముఖ్యపట్టణం. ఒట్టి చలిదేశం. అక్కడ పండే పంటల్లా చేపలే. పడవల మీద పట్టడానికీ, ఫ్యాక్టరీల్లో కోయడానికీ, ఐసులో సర్దడానికీ అన్ని దేశాల నుంచీ మనుషులు దిగుతారు. మన శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళేవాళ్ళకైతే లెక్కే లేదు. అంత జనానికి క్యూ లేకుండా చేసిన మనిషి కూడా మన మనిషే. పేరు డాక్టర్ మజ్జి నీలవేణి. బొబ్బిలి పక్క పుట్టిన పిల్ల. ఆవిడ కనిపెట్టిన మిషన్ మనిషిని నడకను బట్టి గుర్తు పడుతుంది.

"మొహం చూసే కెమెరాలున్నాయి, వేలిముద్రలున్నాయి, మళ్ళీ ఇదెందుకు?" అంటారా? అక్కడే ఉంది కిటుకు. ఉప్పు, మంచు, కత్తి. ఈ మూడింటితో బతికేవాళ్ళకి వేలిముద్రలు మిగులుతాయా? అరిగి నున్నగా అయిపోతాయి. మొహమంటారా, చలికి ఉబ్బుతుంది, గడ్డం పెరుగుతుంది, రోగమొస్తే పీక్కుపోతుంది. నడక అలా కాదు. వంటింట్లో ఉన్న కోడలు, వసారాలో అడుగుల చప్పుడు విని వచ్చింది మావగారో మరిదో చెప్పేస్తుందా లేదా? నీలవేణి ఆ కోడలి చెవినే మిషన్‌లో పెట్టింది, అంతే.

విమానం దిగినవాళ్ళు ఒక పొడవాటి నడవాలోంచి నడవాలి. నేల కింద సెన్సార్లుంటాయి. మడమ మీద ఎంత బరువు పడింది, వేళ్ళ మీద ఎంత పడింది అవి చెబుతాయి. గోడల్లో చిన్న చిన్న రాడార్లు. భుజాలు ఎలా ఊగాయి, మెడ ఎంత వంగింది అవి చూస్తాయి. వీసా ఇచ్చినరోజు మన దేశంలోనే మన నడక శాంపిల్ తీసి ఉంచుతారు. రెండూ కలిస్తే నడవా చివర గాజుతలుపు మీద పచ్చలైటు వెలిగి తెరుచుకుంటుంది. ఆగక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. కలవలేదా, ఎర్రలైటు. అప్పుడు పక్కనున్న పాత కౌంటరుకి వెళ్ళాలి. మిషన్ వచ్చాక ఆఫీసర్లందరినీ వేరే పనుల్లో వేసి అక్కడ ఒక్కణ్ణే ఉంచారు. ఆ ఒక్కడి ముందు నిలబడ్డవాడికి తెల్లారి మళ్ళీ పొద్దుగూకినా వంతు రాకపోవచ్చు.

ఇంత గొప్ప మిషన్‌కీ ఒక రోగం పట్టింది. తెలుగువాళ్ళు దిగిన విమానానికల్లా ఎర్రలైట్లు విరగబూసేవి. నీలవేణి స్వయంగా వచ్చి నేల పలకలు ఊడదీయించింది, సెన్సార్లు తుడిపించింది, లెక్కలన్నీ మళ్ళీ కట్టింది. ఎక్కడా తప్పు లేదు. అలా ఆవిడ బుర్ర బద్దలుకొట్టుకుంటున్న మధ్యాహ్నమే సూరాడ పోలమ్మ ఆ నడవాలోకి వచ్చింది.

పోలమ్మ భావనపాడు వైపు ఒక పల్లెలో ఎండుచేపలమ్ముకునే మనిషి. ఆమె తమ్ముడు ఎల్లాజీ సాల్మిర్‌లో పడవ మీద పనిచేస్తూ, గడ్డకట్టిన డెక్కు మీద జారి నీళ్ళలో పడ్డాడు. తీసేసరికి ప్రాణం లేదు. ఆ దేశపు చట్టం ప్రకారం శవాన్ని ఎక్కువ రోజులు ఉంచనివ్వరు. ఎల్లాజీ భార్య గౌరి కాళ్ళావేళ్ళా పడితే, ఆ రోజు పొద్దుగూకేదాకా గడువిచ్చారు. ఈలోపు పోలమ్మ వస్తే కడసారి చూపు దక్కుతుంది. లేకపోతే బూడిదే.

పోలమ్మ నడిచింది. ఎర్రలైటు. వెనక్కొచ్చి మళ్ళీ నడిచింది. మళ్ళీ ఎర్రలైటే. ఇక కౌంటరు వైపు చూపించారు. ఆ వరస చూసి, నడవా మధ్యలో నేల మీద కూర్చుండిపోయింది.

నీలవేణి దగ్గరికి వెళ్ళి వంగింది. "లేవండమ్మా. ఏ ఊరు మనది?"

పోలమ్మ తలెత్తింది. "తెలుగోలివేనా తల్లీ? మా తమ్ముడు సచ్చిపోనాడు. పొద్దుగూకితే కాల్చెత్తారట. ఒక్కపాలి మొగం సూడాల. ఆ తలుపు తియ్యమ్మా."

"ఆ తలుపు నా చేతిలో లేదమ్మా."

"మరెవుల సేతిలో ఉంది?"

"మిషన్ చేతిలో."

"ఆ మిసను సేసిందెవులు?"

"నేనే."

"నువ్వు సేసిన తలుపు నీకు తియ్యడం రాదేటి?"

రాక కాదు, తియ్యకూడదు. అంతా చట్టం. తలుపు తీస్తే మిషన్ తియ్యాలి, లేదా కౌంటర్లో ఆఫీసరు తియ్యాలి. కనిపెట్టిన మనిషికి చెయ్యి పెట్టే హక్కు లేదు. తనవాళ్ళని దొంగదారిన పంపించిందని రేపు మాట రాకూడదు కదా, అందుకని ఆ రూలు రాయించింది కూడా నీలవేణే.

కౌంటరు వరసలోంచి ఒకాయన మెడ చాచాడు. అబ్బులని, అమలాపురం నుంచి హోటల్లో వంటకి వచ్చినాయన. "డాక్టరు గారండీ, మీ మిషన్‌కి మనోళ్ళంటే ఏవన్నా కోపవాండీ? మాకంటే ముందు దిగిన వేరే దేశపోళ్ళందరూ గాలికి పోయినట్టు పోయారండి. మేవే ఇక్కడ పిడకల్లా మిగిలిపోయాం."

"కోపాలు మనుషులకుంటాయండీ, మిషన్‌కి ఉండవు. శాంపిల్‌కీ మీ నడకకీ పొంతన లేదంటోంది."

"నా నడకకీ నా నడకకీ పొంతన లేదంటే, నేనెవణ్ణండీ మరి?"

నీలవేణి పక్కనున్న స్క్రీన్ మీద పోలమ్మ శాంపిల్ తెరిచింది. అన్నాళ్ళూ అంకెలే చూసింది గాని బొమ్మ చూడలేదు ఆవిడ. బొమ్మ చూసి కొయ్యబారిపోయింది.

విశాఖపట్నం వీసా ఆఫీసు. పట్టుచీర, తలనిండా కనకాంబరాలు, మొహానికి పౌడరు. కాళ్ళకి ఎత్తుమడమల కొత్త చెప్పులు. పోలమ్మ తల పైకెత్తి, చేతులు ఊపుకుంటూ, ఇంతేసి నవ్వు నవ్వుతూ, ఊరేగింపులో ముందు నడిచే పెళ్ళికొడుకు అక్కలా వస్తోంది.

"ఇది మీరేనా అమ్మా?"

"నానే కదేటి. తమ్ముడికి బిడ్డ పుట్టినప్పుడు రమ్మన్నాడని వీసా తీసినాం. సుట్టాలకి జొరాలొచ్చి ఆగిపోనాను. ఈడియో తీత్తారంటే మా కోడలు గుంట ముస్తాబు సేసింది. మా తమ్ముడు పోన్లో సూత్తా, 'అప్పా, తలెత్తి నడు! మారాణి వొత్తందని ఆళ్ళు తలుపులు తీసెయ్యాల' అన్నాడు." అంటూనే కొంగు నోట్లో కుక్కుకుంది.

నీలవేణి అబ్బులు వైపు తిరిగింది. "మీరూ అంతేనా?"

"నేను సెలక్షననుకున్నానండి. మా బావగారి బూట్లు తొడిగి, ఛాతీ విరిచి, పోలీసు పెరేడులాగా కొట్టాను. ఆఫీసరు మెచ్చుకున్నాడు కూడానండి."

ఆవిడ ఒక్కొక్క శాంపిలే తెరుస్తూ పోయింది. అందరూ అంతే! చేపలు మోసి నడుం వంగిన మనుషులు వెన్నులో కర్రపెట్టినట్టు నడిచారు. కాళ్ళీడ్చుకునేవాళ్ళు కవాతు చేశారు. కెమెరా అంటే మనకి పండగ కదండీ. ఉన్నదున్నట్టు ఎవరు నిలబడతారు దాని ముందు? చిన్నప్పుడు స్టూడియోకి తీసుకెళితే, తన మొహానికి కూడా అమ్మ పౌడరు దట్టించి ఊపిరి బిగబట్టమన్న సంగతి నీలవేణికి అప్పుడు గుర్తొచ్చింది. ఇన్ని దేశాల మనుషుల మోకాళ్ళూ మడమలూ లెక్కగట్టిన మనిషి, సొంత ఊరివాళ్ళు ఫొటోకి ఎలా నిలబడతారో మరిచిపోయింది.

గాజుగోడ అవతల ఎండ పసుపు రంగుకి తిరుగుతోంది.

"పోలమ్మగారూ," అంది నీలవేణి మెల్లగా. "మీరు ఆ రోజు నడిచినట్టే నడవాలి. అప్పుడే అది తెరుచుకుంటుంది."

పోలమ్మకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "తమ్ముడి సవం కాడికి పెళ్ళినడక నడవమంటావా? నోరెలాగొచ్చింది తల్లీ నీకు?"

"రావడం లేదమ్మా. వేరే దారి లేక అంటున్నాను. మిమ్మల్ని ఆ మారాణిగానే ఎరుగును అది. ఏడ్చే పోలమ్మ దానికి తెలీదు. నేను నేర్పలేదు."



పోలమ్మ లేచింది. జుట్టు ముడేసుకుంది. నీలవేణి తన ఎత్తుమడమల చెప్పులు విప్పి ఆమె కాళ్ళ ముందు పెట్టింది. పోలమ్మ వాటిల్లో కాళ్ళు దూర్చి, నడవా మొదటికి వెళ్ళి, చేతులు ఊపుతూ నడిచింది. తలుపు దాకా వచ్చింది. ఎర్రలైటు.

"మెడ వాలిపోతోందమ్మా," అంది నీలవేణి. "మొహం వాలితే మెడ వాలుతుంది, మెడతోబాటు భుజాలు. నవ్వితేగాని మెడ లేవదు. నవ్వాలి."

"నవ్వాలా?"

"నవ్వాలమ్మా."

పోలమ్మ నడవా మొదట్లో చాలాసేపు నిలబడింది. పెదాలు కదిలాయి. "అప్పా, తలెత్తి నడు," అని తనకి తనే చెప్పుకుంటున్నట్టుంది. తల లేచింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. కళ్ళలోంచి కారుతున్నవి కారుతూనే ఉన్నాయి, వాటితో మిషన్‌కి పనిలేదు. నడుము తిప్పుకుంటూ, చేతులు ఊపుకుంటూ, ఊరేగింపు ముందర వెళ్ళినట్టు వెళ్ళింది. కౌంటరు వరసలో చంటిపిల్లలు కూడా గుక్క ఆపారు. అబ్బులు తల మీది ఉన్నిటోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

పచ్చలైటు వెలిగింది. గోడలోంచి తియ్యటి గొంతు పలికింది. "నెరోవాకి స్వాగతం. మీ రాక మాకు సంతోషం."

తలుపవతల గౌరి ఉంది. మొగుడు పోయి ఒళ్ళు తెలియకుండా ఉన్న పిల్ల, ఆడపడుచు వస్తే పట్టుకుని ఏడుద్దామని పొద్దున్నుంచీ అక్కడే నిలబడింది. ఆమె చూసిందేమిటి? ఊగుతూ నవ్వుతూ వస్తున్న వదిన.

"వదినా," అని రెండడుగులు వెనక్కేసింది గౌరి. "నవ్వుతన్నావేటి? నీ తమ్ముడు పోతే నవ్వుతన్నావేటి?"

"నేదే గౌరీ, నవ్వితేగాని అది తియ్యదటే..." అని పోలమ్మ చేతులు చాచింది. కానీ బిగబట్టిన ఆ నవ్వు మొహం మీంచి వెంటనే దిగలేదు. దిగేలోపే గౌరి మొహం తిప్పేసుకుంది. శవం ఉన్న చోటిదాకా కారులో ఒక్కమాట మాట్లాడలేదు.

పొద్దుగూకకముందే చేరారు. పోలమ్మ తమ్ముడి మొహం చూసింది. గుండెలు బాదుకుని ఏడ్చింది కూడా. ఆ ఏడుపుని గౌరి దూరంగా నిలబడి, నాటకం చూసినట్టు చూసింది.

వదిన మాట మీద గౌరికి నమ్మకం కుదిరింది పెద్దకర్మ నాడు. అల్లుడి కర్మకని గౌరి తండ్రి వచ్చాడు. మీసాల మీదుగా కన్నీళ్ళు కారుతుండగా, ఛాతీ విరుచుకుని, పెరేడులో సిపాయిలా కాళ్ళు నేలకేసి కొడుతూ ఆ తలుపులోంచి వచ్చాడు. గౌరి అక్కడికక్కడే కూలబడి "వదినా" అని గొల్లుమంది. పోలమ్మ అప్పటికే విమానమెక్కేసింది.

నీలవేణి ఊరుకోలేదు లెండి. ప్రతి మనిషి దగ్గరా రెండు శాంపిల్స్ తీసుకోవాలని ప్రభుత్వానికి రాసింది. ఒకటి సంతోషపు నడక, ఒకటి దుఃఖపు నడక. సర్కారు ఒప్పుకుంది. విశాఖపట్నం ఆఫీసులో దానికోసం వేరే గది కట్టారు. ఏం లాభం? లోపలికి రమ్మంటే ఒక్కరు కాలు పెట్టలేదు. "సుబమా అని వీసాకొత్తే సవం ఎనకాల నడవమంటారేటి? మా ఇంట్లో అందరూ బాగున్నారు!" అని ఒక ముసలమ్మ ఆఫీసరు మొహం మీద మెటికలు విరిచిందట. ఎవరూ పోకముందే పోయినట్టు నడిచే మనుషులమా మనం? ఆ గది తాళం వేసి ఉంది. మామూలుగా నడిస్తే చాలని చెప్పి చూశారు. మామూలుగా నడవడానికి కూడా జనం ముస్తాబయ్యే వచ్చారు. కడకు అబ్బులు లాంటివాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు: ఎంత కష్టమొచ్చినా సరే, శాంపిల్లో నవ్వినట్టు నవ్వుకుంటూ దాటెయ్యడమే. ఎర్రలైట్లు తగ్గిపోయాయి. క్యూ పోయింది. నీలవేణికి ఆ దేశపు పెద్ద బహుమతి ఇచ్చారు. తీసుకున్నప్పటి ఫొటోలో ఆవిడ నవ్వలేదు.

సాల్మిర్ టాక్సీవాళ్ళకి మాత్రం ఒకటి బాగా పట్టుబడింది. పనికొచ్చినవాళ్ళని కంపెనీ బస్సులే ఎక్కించుకుపోతాయి, టాక్సీ ఎక్కే మనవాళ్ళు ఎక్కువగా చావుకొచ్చినవాళ్ళే. తలెత్తుకుని, చేతులు ఊపుకుంటూ, విరగబడి నవ్వుతూ మనవాళ్ళెవరైనా ఆ తలుపులోంచి వస్తే, ఆ ఇంట్లో ఎవరో పోయారన్నమాట. వెంటనే కారులో పాట ఆపేస్తారు. సంచీ తామే అందుకుంటారు. వెనక తలుపు తీసి, తల వంచుకుని నిలబడతారు.

మొన్నామధ్య కొత్తగా పెళ్ళైన పిల్లొకతె, మొగుడి దగ్గరికని దిగింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ప్రయాణం. నిజంగానే పట్టలేని సంతోషంతో నవ్వుకుంటూ బయటికొచ్చింది. అడ్రసు చీటీ అందిస్తున్న ఆమె నవ్వు చూడగానే టాక్సీ ముసలాయన పాట ఆపేశాడు. టోపీ తీశాడు. ఆ పిల్ల నెత్తి మీద చెయ్యివేసి, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో "ధైర్యం అమ్మా, ధైర్యం" అన్నాడు.

"ఎందుకు? ఆయనకేమైంది?" అని అడిగింది ఆ పిల్ల. ముసలాయనకి ఆ మాటలు తెలియవు. అద్దంలోంచి జాలిగా చూసి తల అడ్డంగా ఊపాడు. దారి పొడుగునా ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది. ఇంటిముందు దిగి తలుపు కొడితే, మల్లెపూవులాంటి చొక్కా వేసుకుని మొగుడే నవ్వుతూ తీశాడు. ఆ పిల్ల గడప మీదే కూలబడిపోయింది. వెనకాల వీధిలో ముసలాయన ఇంకా టోపీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.