శ్రీప్రియ నాలుగేళ్ల అనుభవం

లైబ్రరీ బయట వరండాలో పిల్లలు బెంచీల మీద వరసగా కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ కాగితాలే. ఆ కాగితాలతోనే విసురుకుంటున్నారు.

శ్రీప్రియ మాత్రం విసురుకోలేదు. ఆమె కాగితాలు ప్లాస్టిక్ ఫైల్లో భద్రంగా ఉన్నాయి. రెండు పేజీలు. రంగు ప్రింటు.

"ఏదిరా, నీది చూపించు," అంది పక్కనున్న గిరితో.

గిరి అరపేజీ కాగితం అందించాడు. చేత్తో రాసింది. 'నేను పావురాలు పెంచుతాను. పదకొండు ఉన్నాయి. ఏది ఏదో దూరం నుంచే చెప్పగలను' అని ఉంది అందులో.

శ్రీప్రియకు నవ్వు ఆగలేదు. "ఇది రెజ్యూమేనా, సరుకుల చీటీనా? ఓడల ఆఫీసులో పావురాలతో ఏం పని?"

"తెలీదు. నాకు వచ్చిందే రాశా," అన్నాడు గిరి.

వాళ్లిద్దరూ తొమ్మిదో క్లాసు. వారం కిందట కామర్స్ క్లబ్బు చూసే ఆనంద్‌రాజ్ సార్ క్లాసులో ఒక మాట చెప్పారు. "పెద్దయ్యాక ఇంటర్వ్యూలో వణక్కుండా ఉండాలంటే, ఇప్పుడే ఒకసారి బాగా వణికిపోండి. శుక్రవారం ఉత్తుత్తి ఇంటర్వ్యూ!"

ఇంటర్వ్యూ ఉత్తుత్తిదే కానీ బహుమతి నిజంది. బాగా మాట్లాడిన ఎనిమిది మందికి హార్బరు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో నాలుగు రోజులు పని నేర్పిస్తారు. చివరి రోజు ఓడ ఎక్కిస్తారు.

ఓడ! జార్జి టౌన్‌లో శ్రీప్రియ వాళ్ల మిద్దె మీద నిలబడితే హార్బరు క్రేన్లు కనిపిస్తాయి. ఓడల కూత వినిపిస్తుంది. కానీ పుట్టి పద్నాలుగేళ్లయినా ఓడ మీద కాలు పెట్టింది లేదు.

అందుకే ఆ సాయంత్రమే రెజ్యూమే రాయడానికి కూర్చుంది. పేరు రాసింది. క్లాసు రాసింది. తర్వాత ఏం రాయాలి? రోజూ స్కూలు, ట్యూషను, తాత తాళ్ల అంగట్లో ఒక గంట. ఇవి కూడా ఒక గొప్పేనా?

ఇంట్లో అందరికీ ఒకటే కంప్యూటరు. అందులో పెదనాన్న కొడుకు శ్యామన్న రెజ్యూమే దొరికింది. ఎంత బాగుందో! అన్నీ పెద్ద పెద్ద మాటలే. శ్రీప్రియ పైన పేరు మార్చింది, వయసు మార్చింది, స్కూలు పేరు పెట్టింది. రెండో పేజీ చదవకుండానే జెరాక్సు అంగడికి పరుగెత్తింది.

"నెక్స్ట్, శ్రీప్రియ!"

లోపల ఆనంద్‌రాజ్ సార్ పక్కన షిప్పింగ్ ఆఫీసు నుంచి వచ్చిన హేమమాలిని మేడం కూర్చుని ఉన్నారు.

"భయపడకు. మాది ఈ పక్కనే, రాయపురం. ఊరు తమిళమైనా మా ఇంట్లోనూ తెలుగే," అన్నారు మేడం. ఫైలు తెరిచారు. చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"నీ వయసెంత?"

"పద్నాలుగు మేడం."

"అనుభవం నాలుగేళ్లు అని ఉంది. పదో ఏట ఉద్యోగంలో చేరావా?"

"ఇంటి పని మేడం."

"ఓహో. ఈడ 'మేల్' అని ఉందే?"

"ముందర 'ఫీ' పడలేదు మేడం. ప్రింటర్లో ఇంకు తక్కువ."

ఆనంద్‌రాజ్ సార్‌కు ఎందుకో దగ్గు వచ్చింది.

"జర్మన్ వచ్చని రాశావు. ఒక్క మాట చెప్పు, విందాం."

శ్రీప్రియ తలంతా వెతికింది. ఎప్పుడో టీవీలో విన్న మాట ఒకటి దొరికింది. "బోంజూర్!"

"అది ఫ్రెంచి కదమ్మా."

"జర్మనీ పక్కనే కదా మేడం."

సార్‌కు దగ్గు ఎక్కువైంది. నీళ్లు తాగారు.

"సరే. నోటీసు పీరియడ్ లేదని ఉంది. నిజమేనా?"

ఈ ప్రశ్నకు మాత్రం శ్రీప్రియకు ప్రాణం లేచొచ్చింది. "నిజం మేడం! మాకు మ్యాథ్స్ పీరియడ్, సైన్స్ పీరియడ్, పీటీ పీరియడ్ ఉన్నాయి. నోటీసు పీరియడ్ లేనే లేదు. కావాలంటే సార్‌ని అడగండి!"

సార్ కిటికీ వైపు తిరిగిపోయారు. ఆయన భుజాలు అదురుతున్నాయి.

మేడం నవ్వలేదు. కాగితం చివర వేలు పెట్టారు. "ఈ ఫోన్ నంబరు ఎవరిది?"

అది శ్యామన్న నంబరు. "మా... మా నాన్నది మేడం."

"అయితే నాన్నగారికి నాలుగు మంచి మాటలు చెబుదాం." మేడం నంబరు నొక్కి, స్పీకరు పెట్టారు. "హలో, షిప్పింగ్ ఆఫీసు నుంచి హేమమాలిని మాట్లాడుతున్నానండీ. ఒక రెజ్యూమే విషయం..."

"గుడ్ మార్నింగ్ మేడం!" ఫోన్లో శ్యామ్ గొంతు టపాకాయలా పేలింది. "నేనే మేడం, శ్యామ్! మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తా. ఈరోజైనా సరే! అవ్వా, టీవీ ఆపవ్వా, కంపెనీ నుంచి ఫోను!"

శ్రీప్రియ తల వంచుకుంది. శ్యామన్న పనిచేసే కంపెనీ వేసవిలో మూతపడింది. అప్పటి నుంచి ఫోను మోగితే చాలు, అన్నం కంచం ముందు నుంచి కూడా లేచిపోతాడు. అది ఇంట్లో అందరికీ తెలుసు. శ్రీప్రియకూ తెలుసు.

మేడం నెమ్మదిగా విషయం చెప్పారు.

"ఆమా, అవును... మా చెల్లెలే మేడం," అన్నాడు శ్యామ్ గొంతు తగ్గించి. "చిన్నపిల్ల. ఏమనుకోవద్దు."

మేడం ఫోన్ పెట్టేసి, ఫైలు మూశారు.

"ఈ రెజ్యూమే బాగుంది," అన్నారు మేడం. "కానీ నేను శ్రీప్రియను చూద్దామని వచ్చా. మూడు గంటల దాకా ఈడే ఉంటా. ఆమెను చూస్తే రమ్మని చెప్పు."

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. రోజూ క్యారియర్ తెచ్చేది శ్యామన్నే. ఈరోజు రాడేమో అనుకుంది శ్రీప్రియ. వచ్చాడు. గేటు దగ్గర సైకిలు పక్కన నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా.

"ఫోను రాగానే చొక్కా మార్చుకున్నా," అన్నాడు. "ఫోన్లో చొక్కా కనపడదని తర్వాత తట్టింది."

శ్రీప్రియకు నవ్వు వచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. "తప్పయిపోయిందన్నా. నాకేమీ రాదు. అందుకే నీది తీసుకున్నా."

"నీకేమీ రాదా? మరి తాత మూటల మీద ఊరి పేర్లు రాసేదెవరే? నెల్లూరుకు తెలుగులో, మదురైకి తమిళంలో, తక్కిన ఊళ్లకు ఇంగ్లీషులో?"

"అదీ ఒక పనేనా? పోయిన నెల తిరుపతికి పోవాల్సిన తాళ్లు తిరుప్పూరుకు పంపించా!"

"ఆమా. లారీ ఆఫీసుకు ఫోన్ చేసి, వాళ్లతో పోట్లాడి వెనక్కి తెప్పించింది ఎవరు? నేనా?" శ్యామ్ సైకిలెక్కాడు. "పెరుగన్నం తిను. పుల్లగా అయిపోద్ది."

శ్రీప్రియ సగం తిని, నోటుబుక్కులో ఒక పేజీ చించింది.

రెండున్నరకు మళ్లీ లైబ్రరీ తలుపు తట్టింది. ముందు రెండు పేజీల రెజ్యూమే అడిగి తీసుకుంది. పైన తన పేరు కొట్టేసి శ్యామ్ పేరు రాసింది. 'మేల్' అన్నది అలాగే ఉంచింది.

"ఇవన్నీ మా అన్నకు నిజంగానే వచ్చు మేడం. జర్మన్ కూడా. ఒకసారి చూస్తారా?"

"ఉద్యోగాలిచ్చేది నేను కాదు. ఇచ్చేవాళ్లకు చూపిస్తా," అన్నారు మేడం. "ఇప్పుడు నీది తే."

నోటుబుక్కు కాగితంలో మొత్తం నాలుగు లైన్లే ఉన్నాయి. మేడం పైకే చదివారు. "'మూటల మీద మూడు భాషల్లో ఊర్ల పేర్లు రాస్తాను. ఒకసారి తిరుపతి మూట తిరుప్పూరు పోయింది. తప్పు నాదే. అప్పటి నుంచి పేరుతో పాటు పిన్‌కోడ్ కూడా రాస్తున్నాను.'" ఈసారి మేడం గట్టిగా నవ్వారు. "మా ఆఫీసులో ఒకసారి కొచ్చిన్ పెట్టె కొలంబోకు పోయింది తెలుసా! సరే, ఓడ సరుకు మీద ఏమేం రాస్తారో చెప్పు."

శ్రీప్రియ నోరు తెరిచింది. ఏదో ఒకటి చెప్పేద్దామనిపించింది. నోరు మూసుకుంది. మళ్లీ తెరిచింది.

"తెలీదు మేడం."

సోమవారం నోటీసుబోర్డు మీద పేర్లు పెట్టారు. గిరి పేరు రెండోది. దూరం నుంచే పావురాన్ని గుర్తుపట్టేవాడు వందల పెట్టెల్లో తేడా పెట్టెను ఇట్టే పట్టేస్తాడని మేడం అన్నారట. శ్రీప్రియ పేరు అన్నిటికన్నా కింద, ఎనిమిదోది. అది చూసి ఆమె వేసిన గంతుకు గిరి కాలు నలిగింది. శ్యామన్నకు మాత్రం ఇంకా కబురు రాలేదు.

హార్బరు గోడౌన్‌లో మొదటి రోజు శ్రీప్రియను నాగప్పన్ దగ్గర పెట్టారు. ఆయన ముప్పై ఏళ్లుగా పెట్టెల మీద గుర్తులు వేస్తున్నారు. కుంచె ఆమె చేతికిచ్చి అడిగారు.

"ఈ పని వచ్చా పాపా?"

గిరీ, తక్కిన పిల్లలూ ఆమెనే చూస్తున్నారు.

"ఊరి పేరు రాయడం వచ్చు తాతా," అంది శ్రీప్రియ. "ఈ గొడుగు బొమ్మ, గ్లాసు బొమ్మ ఎందుకో తెలీదు. చెప్తారా?"

నాగప్పన్ ఒక ఖాళీ పెట్టెను బోర్లించి, దాని మీద దుమ్ము దులిపి, ఆమెను కూర్చోమన్నారు.