సత్కారానికి నేసిన చాదర్

బీడీల బుట్ట చంకన పెట్టుకుని సోలాపూర్‌లో కుమ్ఠా నాకా దగ్గర రోడ్డు దాటుతున్న యల్లమ్మను డ్రైవర్ లేని టెస్ట్ వ్యాన్ పొద్దున్నే గుద్ది చంపింది. బ్రేకు పడనే లేదు. పోలీసులు రిపోర్టులో 'పాదచారి నిర్లక్ష్యం' అని రాసి చేతులు దులుపుకున్నారు.

వారం తర్వాత ఆమె భర్త నర్సయ్య మగ్గం దగ్గరికి ఒక నూలు ఏజెంటు వచ్చాడు. పేరు మంగేశ్. అసలు ఉద్యోగం కౌంటర్ ఇంటెలిజెన్స్.

"ఆ రోజు ఆమె ఏం కప్పుకుంది, కాకా?"

"కొత్త డిజైన్ చాదర్. రెండు నేసిన. మొదటిది మీ ఇంట్ల కప్పుకోండ్రి అని ప్రాజక్త మేడమే ఇచ్చె. రెండోది రేపటి సత్కారానికట."

డ్రైవర్ లేని బండి డెమోకు ఈవెంట్ మేనేజర్ ప్రాజక్త, ఆ అందగత్తె, మంగేశ్ సొంత ఇన్ఫార్మర్!

రెండో చాదర్‌ను ఫోన్‌లో వ్యాన్ సాఫ్ట్‌వేర్‌కు చూపించాడు. స్క్రీన్ మీద 'రోడ్డు ఖాళీ' అని పడింది. ఆ డిజైన్ వెనక ఉన్న మనిషి కెమెరాకు కనిపించడు.

చీఫ్ ఫోన్‌లో క్లుప్తంగా చెప్పాడు. "రేపు నీలం నగర్‌లో లైసెన్స్ ఇచ్చే అధికారిణి నమ్రత ఆ చాదర్ కప్పుకుని బండి ముందు నిలబడుతుంది. ఆగితే లైసెన్స్. గుద్దితే మన దేశపు బండి ఖతం, ప్రాజక్త వెనకున్న విదేశీ ముఠా బండికి దారి క్లియర్. ప్రాజక్తను రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకో. బండి ఆపే రిమోట్ నీ పెన్నులో ఉంది."

విషయం విన్న నర్సయ్య మగ్గం ఆపేశాడు.

"అంటే నా చేతులతోనే సంపుకున్ననా?"

మంగేశ్ రెండో చాదర్ మడిచి అతని చేతిలో పెట్టాడు. "రేపు మాత్రం నోరు విప్పకు కాకా," అన్నాడు. ఆ మాట అన్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పదకొండింటికి సత్కారం. నేసినవాడే కప్పాలని ప్రాజక్త నవ్వుతూ చాదర్ అందించింది. నర్సయ్య దాన్ని విప్పి, దులిపి, నమ్రత భుజాల చుట్టూ నిండుగా కప్పి పక్కకు తప్పుకున్నాడు.

బండి కదిలింది. నలభై మీటర్లు. మంగేశ్ పెన్ను నొక్కాడు. సిగ్నల్ జామ్! ప్రాజక్త చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఇరవై మీటర్లు. మంగేశ్ పరుగెత్తాడు. అందుకోలేనని అతనికి తెలుస్తూనే ఉంది.

కీచుమంటూ బండి నమ్రత మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది.

"అసాధ్యం..." ప్రాజక్త గొణిగింది. ఆమె చేతులకు సంకెళ్లు పడ్డాయి.

మంగేశ్ ఇంకా రొప్పుతున్నాడు. "ఏం చేశావు కాకా?"

"సోలాపూర్ చాదర్‌కు రెండు మొఖాలుంటయ్ బిడ్డా. ఇటు నల్లగున్నది అటు తెల్లగుంటది. ఆ డిజైను బండికి కనవడకుండ తిప్పి కప్పిన. బయటోళ్లకు ఏం తెలుస్తది?"

"నాకు చెప్పొచ్చుగా!"

"నోరు విప్పకంటివి గదా."

స్టీరింగ్ దగ్గర మనిషి లేకుండా ఏ బండీ రోడ్డెక్కకూడదని నమ్రత అక్కడే నిబంధన రాసింది. నర్సయ్య అడిగింది ఒక్కటే. "మా యల్లమ్మది తప్పు లేదని గూడ రాస్తరా?"

ఆపరేషన్ టాప్ సీక్రెట్. పాత రిపోర్టు మార్చడానికి వీల్లేదు. ప్రభుత్వ రికార్డుల్లో యల్లమ్మ ఇప్పటికీ రోడ్డు చూసుకోకుండానే నడుస్తోంది.