పచ్చదారం సీసా

ఏజెంట్ విమల్ చనిపోయిన ఇరవై నిమిషాలకు డాక్టర్ నాగశ్రీ ఫోన్ మోగింది. స్క్రీన్ మీద డిపార్ట్‌మెంట్ నంబరు చూసి, మందుల ఫ్రిజ్‌కు అడిగిన తాళం సంగతేమో అనుకుంది. ఎనిమిది నెలలుగా ఆ తాళం కోసమే ఎదురుచూస్తోంది మరి.

"వాన వచ్చేలా ఉందా?" అంది అవతలి గొంతు.

"గొడుగు ఆఫీసులో ఉంది," అంది నాగశ్రీ విసుగ్గా. నాలుగేళ్లుగా అదే కోడ్. క్లినిక్ కింద టీ కొట్టు అతనికి కూడా కంఠతా వచ్చేసింది.

"మేట్టుపాళయం. మూడో వరస గోడౌన్. వెంటనే బయల్దేరండి. విమల్ పోయాడు."

మొన్న మంగళవారమే విమల్ ఆ ఎదురు కుర్చీలో కూర్చుని ఇడ్లీ తిన్నాడు.

పుదుచ్చేరి కదిర్కామంలో ఆ మేడమీద 'చర్మవ్యాధుల క్లినిక్' అని బోర్డుంటుంది. దాని వెనక ఆమె చేసే పనులు మూడు. కొమ్ములవాళ్లకు వైద్యం, వాళ్ల జబ్బుల మీద పరిశోధన, ఉమ్మడి భద్రతా విభాగం తరఫున గూఢచర్యం. మూడో పని సంగతి యానాంలో ఉన్న తల్లికి కూడా తెలియదు.

పుదుచ్చేరిలో మనుషులు ఎంత పాతవాళ్లో కొమ్ములవాళ్లూ అంత పాతవాళ్లే. ఎనిమిదడుగుల ఎత్తు, నుదుటి మీద రెండు కొమ్ములు, పదిమంది బలం. వీరాంపట్టినంలో పడవలు ఒడ్డుకు లాగేది వాళ్లే, మేట్టుపాళయంలో లారీలకు సరుకెత్తేదీ వాళ్లే. తమిళుల ఆడి మాసం, అంటే ఆషాఢం ఉక్కకు కొమ్ముల మొదట్లో ఒక గ్రంథి వాచి, వాళ్లకు మదం కమ్మేది. ఒకప్పుడు ఆ నెలంతా గొలుసులతో కట్టేసేవారు. పన్నెండేళ్లు తలబద్దలు కొట్టుకుని దానికి మందు కనిపెట్టింది నాగశ్రీ. ఆ గొలుసుల్ని పాత ఇనుము కొట్టుకు వేసిన రోజున ఆమె ఎవరికీ కనబడకుండా ఏడ్చింది.

గోడౌన్‌లో బస్తాల మధ్య విమల్ వెల్లకిలా పడి ఉన్నాడు. పక్కన ఆపరేషన్స్ చీఫ్ రామభద్రరావు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"చూశారుగా. కొమ్ము పోటు. కొమ్ములవాడి పనే."

నాగశ్రీ వంగి గాయం చూసింది. "కాదు సార్. కొమ్ముకు కణుపులుంటాయి. దిగితే కండ చీలికలవుతుంది, నల్లపొడి రాలుతుంది. ఇది నున్నగా ఉంది. ఇనప చువ్వ. నేరం వాళ్ల మీదికి తోయడానికే ఇలా పొడిచారు."

"రిపోర్టులో రాయండి."

"రాస్తాను. మీరు చదువుతారా?"

ఆయన ఆ మాట విననట్టు ఫోన్ తీసి విమల్ చివరి వాయిస్ మెసేజ్ వినిపించాడు. ఆయాసం, అడుగుల చప్పుడు, ఆ తర్వాత విమల్ గొంతు. "రేపు వీరాంపట్టినం... తేరు మలుపు దగ్గర... ఎర్రుప్పు. మనలోనే ఒకరు..."

అంతే.

ఎర్రుప్పు ఆమెకు కొత్త కాదు. రెండు నెలల కిందట ఆ శాంపిల్ తెచ్చిచ్చింది విమలే. గ్రే హార్బర్ అనే విదేశీ ముఠా తయారుచేసిన పొడి అది. గాలిలో కలిపి చిమ్మితే మనుషులకు ఏమీ కాదు. కొమ్ములవాళ్లకు మాత్రం ముప్పై సెకన్లలో మదం ఎక్కుతుంది. రేపు శుక్రవారం రథోత్సవం. ఆనవాయితీ ప్రకారం ఎడమ తాడు మనుషులు, కుడి తాడు కొమ్ములవాళ్లు లాగుతారు. రెండు తాళ్ల మధ్య రెండు బారల దూరం. అక్కడ రెండొందల మందికి మదం ఎక్కితే ఎన్ని ప్రాణాలు పోతాయో ఆమె లెక్కవేయదలచుకోలేదు. బతికినవాళ్లేమో మర్నాడే కొమ్ములవాళ్లను తరిమేయాలంటారు. వాళ్లను ఓడల్లో ఎక్కించుకుపోయి దీవుల్లో గనులు తవ్వించడానికి గ్రే హార్బర్ సిద్ధంగా ఉంది.

"రేపటి తేరు ఆపించండి సార్."

"నా చేతుల్లో లేదు."

"రెండొందల మాస్కులు ఇప్పించండి."

"ఇండెంట్ పెట్టండి. పదిహేను రోజుల్లో చూద్దాం."

"తేరు రేపు సార్!"

"అర్జెంట్ అని ఎర్ర ఇంకుతో రాయండి." రామభద్రరావు బ్రీఫ్‌కేసులోంచి ఒక పెన్ను తీసి ఇచ్చాడు. "ఇది తీసుకోండి. లేటెస్ట్ స్పై కెమెరా. బ్యాటరీ మాత్రం మీరే వేసుకోవాలి."

నాగశ్రీకి ఆ పెన్ను విరిచి ఆయన జేబులోనే పెట్టాలనిపించింది. సరిగ్గా అప్పుడే అత్తరు వాసన వచ్చింది, వెనకాలే రంజని వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు, వేళ్లకు నాలుగు ఉంగరాలు. విభాగపు లైజాన్ ఆఫీసర్ రంజనికి ఫ్రెంచి వస్తుంది, తమిళం వస్తుంది, తుపాకీ వస్తుంది. తరతరాల కిందట ఇక్కడికొచ్చిన తెలుగు వర్తకుల ఇంటి పిల్లనని చెప్పుకుంటుంది. ఆమె నవ్వితే రామభద్రరావు సంతకం చేయని కాగితం లేదు.

"అక్కా, విమల్ సంగతి విని నా పేణం పోయినట్టయింది," అంది రంజని. "మందు ఉండాదా మీ దగ్గర? విరుగుడు?"

"ఒక్క సీసా."

"యాడ పెట్టినారు? భద్రమేనా?"

"ఫ్రిజ్‌లో. తాళం లేని ఫ్రిజ్‌లో," అంది నాగశ్రీ చీఫ్ వంక చూస్తూ. ఆయన గోడౌన్ పైకప్పు వంక చూశాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి 'కోఆర్డినేషన్' అంటూ రంజని క్లినిక్‌కు వచ్చింది. ఫ్రిజ్ తలుపు తీసి కిలకిలా నవ్వింది. ఒకే రకం గోధుమరంగు సీసాలు నలభై. ఒక్కోదాని మీద నాగశ్రీ చేత్తో రాసిన తెలుగు చీటీ.

"ఏంది అక్కా, అంతా జిలేబీలు చుట్టినట్టుండాది. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ నాకు ఒక్క అక్షరమూ రాదు."

"అందుకే అలా రాశాను. తాళం ఇవ్వకపోతే ఏం చెయ్యను? ఈ వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, చదివేవాళ్లు లేరు."

నిజమే. ఆమె కాంపౌండర్ చెంగల్రాయన్‌కూ రాదు. చెంగల్రాయన్ కొమ్ములవాడు. పది తరాలుగా ఇంట్లో తెలుగే, చదివింది తమిళ బడి. అందుకే సీసాల మెడలకు రంగుదారాలు కట్టుకుని గుర్తుపెట్టుకుంటాడు. పసుపుదారం జ్వరానికి, నల్లదారం మత్తుకు, ఇలా. కొత్త సీసాల ఇండెంటు కూడా ఫైల్లోనే మగ్గుతోంది గనుక వాళ్లు పాత సీసాలే కడిగి వాడుతున్నారు. కొన్నిటి మీద పాత చీటీలు అలాగే ఉండిపోయాయి. తిట్టుకుంటూనే దారాలను నమ్ముకుని పని చేసుకుపోతోంది నాగశ్రీ.

ఇంతలో ఫోన్ వచ్చింది. పోస్టుమార్టం రిపోర్టు మీద మూడు కాపీల్లో సంతకం కావాలి, ఇప్పుడే రావాలి అన్నాడు రామభద్రరావు. నాగశ్రీ పళ్లు కొరుక్కుంటూ వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే రంజని చెంగల్రాయన్‌ను కాఫీకి కిందికి పంపింది.

శుక్రవారం పొద్దున ఏడింటికి చెంగల్రాయన్ కేక వేశాడు.

"డాక్టరమ్మా! నీలం దారం సీసా ఎవురు పారబోసినారు? సింకంతా ఊదా రంగుండాది. తోమినా పోలే."

నాగశ్రీ పరుగున వచ్చింది. నీలం దారం అంటే పుండ్లకు పూసే ఊదామందు. చర్మానికి అంటితే పది రోజులు వదలదు. ఖాళీ సీసా దాని చోట అది బుద్ధిగా కూర్చుని ఉంది. తీసి తిప్పి చూసింది. దాని మీద తన రాతే, పోయిన నెల పాత చీటీ. 'ఎర్రుప్పు విరుగుడు.'

ఆ నెలలో చేసిన విరుగుడు పనిచేయలేదు. పారబోసి, సీసా కడిగి, ఊదామందు పోశారు. చీటీ గీకడానికి తీరిక దొరకలేదు. అసలు విరుగుడు పక్క వరసలో 'కొమ్ముల నూనె' అన్న సీసాలో, పచ్చదారంతో చెక్కుచెదరకుండా ఉంది.

నలభై సీసాల్లో సరిగ్గా ఆ ఒక్కటే పారబోశారంటే ఆ చీటీ చదివారన్నమాట. ఈ ఊళ్లో తనను ఎరిగినవాళ్లలో తెలుగు చదవగలిగింది రామభద్రరావు ఒక్కడే. ఎన్నిసార్లు పిలిచినా ఎనిమిది నెలల్లో ఆయన ఈ మెట్లెక్కిన పాపాన పోలేదు. ఇక మిగిలింది, అక్షరం రాదని నవ్విన మనిషి.

"చెంగల్రాయా, నిన్న ఇక్కడ రంజని ఒక్కతే ఉందా?"

"కాఫీ తెమ్మనింది. నేను వచ్చేలోపల పోయేసింది," అన్నాడతను. ఆమె ముఖం చూసి అతని ముఖం కూడా మారిపోయింది. "ఏమయింది డాక్టరమ్మా? నా పెండ్లాము పంకజం ముందరే తేరుకు పోయుండాది. ఈ ఏడు కుడి తాడుకు మా ఇంటిదే మొదటి చెయ్యి."

నాగశ్రీ చీఫ్‌కు ఫోన్ చేసి గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఛ, రంజనా? ఆవిడ ఎంత శ్రద్ధగా పనిచేస్తుందో మీకు తెలీదు," అన్నాడాయన. "కొమ్ములవాళ్లకు ఉక్కపోయకుండా మలుపు దగ్గర నీటి తుంపర్ల ఫ్యాన్ పెట్టిస్తానంటే నిన్ననే గంటలో ఫైలు పాస్ చేశాను."

"గంటలోనా?" అంది నాగశ్రీ. "సార్, ఆ ఫ్యానే ఆయుధం! ఆపించండి!"

"అలాగైతే రాతపూర్వకంగా ఫిర్యాదు..."

ఆమె ఫోన్ కట్ చేసింది. పచ్చదారం సీసా తీసుకుంది. డిపార్ట్‌మెంట్ మారువేషాల పెట్టె తెరిస్తే లోపల ఒక మీసం మాత్రమే ఉంది. మూత విసిరికొట్టి, చెంగల్రాయన్‌ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

వీరాంపట్టినం చేరేసరికి వీధుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. అంబలి పోస్తున్న ఆడవాళ్ల దగ్గర ఒక కుండ, గరిటె అడిగి తీసుకుంది నాగశ్రీ. కొంగు నెత్తిమీదికి లాక్కుని, బిరడా బిగించిన సీసాను కనబడకుండా అంబలిలో ముంచేసింది. అంబలి కుండకు అందరూ దారి ఇస్తారు. విరుగుడు అంబలిలో కలిపి తాగిస్తే పనిచేయడానికి అరగంట పడుతుంది. తేరు మలుపు చేరడానికి ఉన్నది ఆరు నిమిషాలు. ఫ్యాన్ ట్యాంకులో కలిపి చిమ్మితేనే వెంటనే పట్టేది.

మలుపు దగ్గర తెల్ల వ్యాను. దానిమీద నిలువెత్తు ఫ్యాన్. పక్కనే రంజని, జరీ చీరలో. ఆడిమాసం ఉక్కలో చేతులకు మోచేతిదాకా తెల్లటి గ్లౌజులు.

"అంబలి తాగుతావా చెల్లీ?" అంది నాగశ్రీ.

రంజని ఉలిక్కిపడి, వెంటనే నవ్వింది. "అక్కా! మీరేంది ఈ వేషంలో?"

"చేతులకు ఉక్కపోయడం లేదూ?" నాగశ్రీ చటుక్కున ఒక గ్లౌజు పట్టి లాగేసింది. అయిదు వేళ్లూ మణికట్టుదాకా ఊదా రంగు.

రంజని నవ్వు ఆరిపోయింది. ఆ యాస కూడా పోయింది.

"ఆలస్యం చేశారు డాక్టర్ గారూ. ఫ్యాన్ టైమర్‌లో ఉంది. మోటారు ఉక్కు డబ్బాలో సీలు చేశాం. వీళ్లను ఎప్పటికైనా ఎవరో ఒకరు కట్టేయాల్సిందే. ఆ గొలుసేదో మాదైతే తప్పేమిటి?" ఊదారంగు వేళ్ల మధ్య లిప్‌స్టిక్ లాంటి చిన్న పిస్తోలు మెరిసింది.

విమల్ బస్తాల మధ్య పడి ఉన్న తీరు గుర్తొచ్చి నాగశ్రీకి ఒళ్లు మండిపోయింది. గరిటెడు అంబలి రంజని ముఖాన కొట్టింది. పిస్తోలు గాల్లోకి పేలింది. చెంగల్రాయన్ రెండంగల్లో వచ్చి ఆమె రెండు చేతులూ ఒక్క చేత్తో ఒడిసిపట్టాడు.

నాగశ్రీ వ్యాను ఎక్కింది. టైమర్‌లో నలభై సెకన్లు. ఆమెకు అందేది ఒక్క ట్యాంకు మూతే. దానికి తాళం ఉంది. దిట్టమైన, కొత్త, ఇత్తడి తాళం.

"వీళ్లకు తాళం దొరుకుతుంది!" అని అరిచింది నాగశ్రీ. ఆ కేకలో ఎనిమిది నెలల కసి ఉంది. "చెంగల్రాయా, పగలగొట్టు!"

అతను రంజనిని చంకలో ఇరికించుకునే వంగి, తాళంలోకి కొమ్ము దూర్చి ఒక్క విదిలింపు విదిలించాడు. కొక్కెం ఊడింది. కొమ్ము కొస కూడా విరిగి కింద పడింది.

పన్నెండు సెకన్లు. అంబలి జిగురుకు సీసా చేతిలోంచి జారింది. కాలితో ఆపింది, ఎత్తింది, బిరడా పళ్లతో లాగింది. ట్యాంకులోకి పోస్తుండగా ఫ్యాన్ కదిలింది. మొదటి ఎర్రటి తుంపర కుడి తాడు మీద పడింది.

తాడు మొదట ఉన్న పంకజం తల ఎత్తింది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. గొంతులోంచి బుస వచ్చింది. ఎడమ తాడువైపు ఒక్క అడుగు వేసింది. అక్కడున్న మనుషులు తాడు వదిలేశారు.

"పంకజం!" అన్నాడు చెంగల్రాయన్.

ఫ్యాన్ ఇంకో చుట్టు తిరిగింది. ఎర్రటి తుంపర లేత ఆకుపచ్చగా మారింది. పంకజం కళ్లు నలుపుకుంది. చుట్టూ చూసింది. ఎడమవైపు వాళ్లను ఎగాదిగా చూసి అంది: "ఏంది, తాడు కింద పడేస్తిరి? తేరు మేమొక్కరమే లాగాలా?"

ఎవరో గట్టిగా నవ్వారు. ఎడమ తాడు మళ్లీ పైకి లేచింది. తేరు మలుపు తిరిగింది. నాగశ్రీ వ్యాను మీదే కూర్చుండిపోయింది. అంబలి, కన్నీళ్లు కలిసి ముఖమంతా అంటుకుపోయాయి.

సోమవారం డిపార్ట్‌మెంట్ నుంచి కవరు వచ్చింది. రంజని నోరు విప్పిందనీ, గ్రే హార్బర్ మనుషులు ఏడుగురు దొరికారనీ రాసి ఉంది. విమల్ పేరు పతకానికి సిఫారసు చేశారు. ఆ పేరా నాగశ్రీ రెండుసార్లు చదివింది.

అప్పటికే చెంగల్రాయన్ ఆ ఇత్తడి తాళానికి తీగచుట్టి బాగుచేసి, ఫ్రిజ్‌కు బిగించాడు. కొస విరిగిన కొమ్ముకు పంకజం పసుపు రాసి గుడ్డ కట్టింది.

కవరు అడుగున రామభద్రరావు సంతకంతో ఇంకో కాగితం ఉంది. నాగశ్రీ పైకి చదివింది. "శత్రువుల నుండి స్వాధీనమైన తాళమును సాక్ష్యముగా వెంటనే స్టోర్సుకు అప్పగించవలెను. ఫ్రిజ్ తాళము విషయము పరిశీలనలో ఉన్నది."

చెంగల్రాయన్ తాళం ఊడదీసి బల్లమీద పెట్టాడు. డ్రాయర్లోంచి దారపు ఉండ తీసి ఫ్రిజ్ పిడికి మూడు చుట్లు చుట్టి ముడివేశాడు.

"ఇదేం రంగు? దీని అర్థమేమిటి?" అంది నాగశ్రీ.

"అది మీగ్గూడా చెప్పను డాక్టరమ్మా," అన్నాడు చెంగల్రాయన్. "మీరు రిపోర్టులో రాసేస్తారు."