రాణిగారు స్నానం చేయని తొట్టి

"రాణిగారు ఇందులోనే పన్నీటితో జలకాలాడేవారు!" రాతి తొట్టి మీద చెయ్యేసి గైడు చెప్పగానే టూరిస్టులంతా ఫోన్లు పైకెత్తారు.

"పక్కనే గుర్రాన్ని కట్టేసుకునా?" వెనకనుంచి ఓ ఆడగొంతు. "ఆ రాతి కొక్కేలు చూడండి. ఇది గుర్రాలు నీళ్లు తాగిన తొట్టి."

అందరూ గొల్లుమన్నారు. గైడు ముఖం మాడిపోయింది. శిథిల కోటలో ఆరేళ్లుగా కోతలు కోస్తున్నా, తొట్టిని ప్రశ్నించిన మహానుభావులు లేరు మరి!

తీరా చూస్తే ఆవిడ పురావస్తు శాఖ కొత్త ఆఫీసరు. వారం పాటు వెంట తిరిగి వింటుందట. నచ్చకపోతే ఇతని లైసెన్సు గోవిందా!

రోజూ పది గంటల బస్సు దిగేది, అతని కథల్ని ముక్కలు చేసేది. ఇతగాడేమో సిగ్గూ ఎగ్గూ లేకుండా తొమ్మిదింటికే బురుజు కిటికీ ఎక్కి ఆ బస్సు కోసం చూసేవాడు. ఆ పొగరుబోతు లేకపోతే కోట బోసిపోతోంది, ఏం చేస్తాడు పాపం!

చివరి రోజు శనివారం, వాన. జనమంతా బురుజులోకి దూరారు.

"ఈ కిటికీలోంచి రాణి రాజు కోసం ఎదురుచూసేది. మా శాఖ బోర్డే ఉంది. ఇదైనా సరిగ్గా చెప్పండి," అంది ఆఫీసరమ్మ దర్జాగా.

గైడు ఆ బోర్డు వైపు చూశాడు. "అది మా తాత అల్లిన కథండీ. మీవాళ్లు టీ తాగుతూ రాసుకెళ్లారు."

ఆవిడ ముఖం పాలిపోయింది. గెలిచినందుకు నవ్వాలి కదా, అతనికి నవ్వు రాలేదు.

"ఇక్కడ విలుకాళ్లు కాపలా కాసేవారు. ఎనిమిది నెలలు ముట్టడి. నీళ్లయిపోయి, జనం గుర్రాల తొట్టిలోనే దాహం తీర్చుకున్నారు. నాకన్నీ తెలుసండీ. నిజం చెబితే ఎవరూ ఫోన్లెత్తరని చెప్పలేదు. ఈ కిటికీలో ఏ రాణీ ఎదురుచూడలేదు. చూసింది నేనే, వారం నుంచీ, పది గంటల బస్సు కోసం."

"బస్సులో ఏముంది నాయనా?" అంది ఓ పెద్దావిడ.

"ఈవిడండీ!"

ఈసారి ఎవరూ ఫోనెత్తలేదు. ఆఫీసరమ్మ తడి గొడుగును అనవసరంగా దులిపింది. అతని లైసెన్సు ఫారం తీసి సంతకం పెట్టింది.

"ఆధారం లేనిదే బోర్డు మార్చను," అంది నవ్వు ఆపుకుంటూ. "రేపు నాకు సెలవు. అయినా పది గంటల బస్సుకే వస్తా. కిటికీలో ఎవరున్నారో నా కళ్లతో చూశాకే రాస్తా."