ఆరు గంటల మట్టం

గురువారం ఉదయం ఆరు గంటలకు నది మట్టం నాలుగు మీటర్ల ఐదు సెంటీమీటర్లు.

ఆ కబురు ఎవరి నంబరు నుంచి వచ్చిందో, ఆ మనిషి చచ్చిపోయి అప్పటికే మూడు రోజులైంది.

శవం దొరికింది ఏడూ పదికి. బ్యారేజీకి దిగువన ఉన్న పంపుహౌస్ ముందు, చెత్తను ఆపే ఇనుప జాలీకి తగులుకుని ఉంది. ఒంటి మీద ఖాకీ చొక్కా. జేబులో చిన్న పుస్తకం, ముద్దయిపోయింది. రోజూ ఉదయం ఆరింటికి నది మెట్లు దిగి, నీటి మట్టం చూసి, బ్యారేజీకి మెసేజ్ పంపే గేజ్ రీడర్ అతను.

"తలకి మెట్టు అంచు తగిలింది. తర్వాత మునిగిపోయాడు. సోమవారం తెల్లవారుజామున అయ్యుంటుంది" అన్నాడు డాక్టర్.

"సోమవారమా? సరిగ్గా చూశారా?" అంది ఎస్సై.

"మేడమ్, నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు."

ఎస్సై బ్యారేజీ మీది కంట్రోల్ రూమ్‌కి వెళ్ళింది. కింద గేట్ల గుండా నీళ్ళు దూకుతుంటే గది గోడలు సన్నగా వణుకుతున్నాయి. బల్ల మీద టీ గ్లాసు కూడా వణుకుతోంది. గేట్ ఆపరేటర్ ఆఫీసు ఫోన్‌ను రెండు వేళ్ళతో, కాలుతున్న గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకొచ్చాడు.

"చూడండమ్మా. అతని నంబరే."

మంగళవారం 6:00. మూడు పాయింట్ ఎనభై ఎనిమిది.

బుధవారం 6:00. మూడు పాయింట్ తొంభై ఆరు.

గురువారం 6:00. నాలుగు పాయింట్ సున్నా ఐదు.

"రీడింగులు కరెక్టేనా?"

"అదేగా భయం! పంపుహౌస్ లెక్కతో సరిగ్గా సరిపోయాయి. ఈ గదిలో నేనొక్కణ్ణీ కూర్చోనమ్మా. కావాలంటే రాసిస్తాను."

కిటికీ దగ్గర అసిస్టెంట్ ఇంజినీర్ నిలబడి ఉన్నాడు. పట్టుమని ముప్ఫై ఏళ్ళుండవు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోన్‌లో ఏదో ప్రకటన మెసేజ్ వచ్చి టింగుమంది. అతను ఉలిక్కిపడ్డాడు. మోచెయ్యి తగిలి టీ రిజిస్టర్ మీద ఒలికింది.

ఎస్సై ఆ రిజిస్టర్ తుడిచి, సోమవారం పేజీ చదివింది. 5:15 సైరన్ మోగించాం. 5:45 గేట్లు ఎత్తాం. 6:00 దిగువ మట్టం 3.42.

అంతలో పెద్ద ఇంజినీర్ జీపు దిగాడు. వస్తూనే తేల్చేశాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది మేడమ్? ఫోన్ పెళ్ళాం దగ్గరుంది. ఆదివారం రాత్రి ఇద్దరూ కొట్లాడుకున్నారట. చంపి, ఎవరికీ అనుమానం రాకుండా మెసేజ్‌లు పంపింది. సాయంత్రానికి అరెస్టు చూపించండి. డిపార్ట్‌మెంట్ పరువు పోతోంది."

"ఐదింటికి మళ్ళీ ఇక్కడికే వస్తాను సార్. మీరూ ఉండండి" అంది ఎస్సై.

బ్యారేజీకి కిలోమీటరు దిగువన, గట్టు మీద రెండు గదుల క్వార్టర్. దాని ముందు నుంచే మెట్లు నదిలోకి దిగుతాయి. మెట్ల పక్కన తెల్లగా, అంకెలు రాసిన గేజ్ పలక. రీడర్ భార్య గుమ్మంలో కూర్చుంది. చంకలో ఏడాది పిల్లాడు. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం ఉబ్బిపోయింది.

"మెసేజ్‌లు నువ్వే పంపావా అమ్మా?"

"నేనేనమ్మా."

"ఎందుకు?"

"ఆదివారం రాత్రి వీడికి జ్వరం. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్దామన్నాను. 'ముందు రీడింగు' అన్నాడు. నీకు పిల్లాడికన్నా నదే ఎక్కువైపోయిందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. తెల్లారగట్ల ఫోన్ మంచం మీద పడేసి, 'అయితే నువ్వే పంపు, అప్పుడు తెలుస్తుంది' అని వెళ్ళిపోయాడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కోపమొస్తే వాళ్ళక్క ఇంటికి పోయి కూర్చుంటాడు. ఇదివరకు రెండుసార్లు పోయాడు. ఆవిడకి ఫోన్ చేస్తే రాలేదంది. దాచిపెట్టిందనుకున్నాను."

"సోమవారం రీడింగు పంపలేదేం?"

"పంతం. మంగళవారానికి భయమేసింది. మూడు రోజులు రీడింగు రాకపోతే కాంట్రాక్టు తీసేస్తారు. ఈ ఇల్లు పోతుంది. వీణ్ణి చంకనేసుకుని మెట్లు దిగాను." ఆమె పిల్లాణ్ణి దగ్గరికి పొదువుకుంది. "నేను నీళ్ళకేసి చూస్తూ అంకెలు చదువుతున్నానమ్మా. అతను ఆ నీళ్ళలోనే ఉన్నాడు."

ఎస్సై పిల్లాడి వైపు చూసింది. తన ఇంట్లో కూడా ఏడాదిన్నర పిల్ల ఉంది. ఆ ఉదయం ఏడుస్తుంటే అమ్మ చేతిలో పెట్టి వచ్చింది.

"సోమవారం సైరన్ మోగినప్పుడు నువ్వు లేచే ఉన్నావా?"

"మోగలేదే!"

"నిద్రలో వినలేదేమో."

"నేను వినకపోయినా వీడు వింటాడు. పోయినేడు ఒళ్ళో పిల్లాడప్పుడే, సైరన్ మోగిందంటే ఇల్లు పీకి పందిరేసేవాడు. సోమవారం ఏడింటిదాకా కదల్లేదు. జ్వరం ఎక్కువైందేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను."

ఎస్సై చనిపోయినతని ఫోన్ తీసుకుని, గుమ్మంలోనే కూర్చుని, మూడు నెలల కాల్స్ చూసింది. తర్వాత హెడ్ కానిస్టేబుల్‌ని పిలిచింది.

"బ్యారేజీ టవర్ ఎక్కగలవా?"

"ఈ బొజ్జతోనా మేడమ్?"

"బొజ్జతోనే. సైరన్ మూత విప్పి ఫొటో తియ్యి. చెయ్యి మాత్రం పెట్టకు."

ఐదు గంటలు. కంట్రోల్ రూమ్. ఇద్దరు ఇంజినీర్లు, గేట్ ఆపరేటర్, గోడవారగా పిల్లాడితో రీడర్ భార్య.

"ఈవిడని ఇక్కడికెందుకు తెచ్చారు? స్టేషన్‌కి తీసుకెళ్ళక" అన్నాడు పెద్ద ఇంజినీర్.

"చెప్తాను." ఎస్సై అసిస్టెంట్ ఇంజినీర్ వైపు తిరిగింది. "రీడింగు ఆలస్యమైతే ఏం చేస్తారు?"

"ఫోన్ చేసి అడుగుతాం."

"ఎంతసేపటికి?"

"ఐదు నిమిషాలకి."

"నిజమే. మూడు నెలల్లో తొమ్మిది రోజులు ఆలస్యమైంది. తొమ్మిదిసార్లూ ఆరూ పది లోపే ఈ గదినుంచి ఫోన్ వెళ్ళింది. సోమవారం మెసేజే రాలేదు. ఫోన్ కూడా వెళ్ళలేదు. రిజిస్టర్‌లో మాత్రం మూడు పాయింట్ నలభై రెండు అని మీ చేతిరాత ఉంది. ఎందుకు అడగలేదు?"

అతను రిజిస్టర్ కేసి చెయ్యి చాపాడు. ఎస్సై దాన్ని తన వైపు లాక్కుంది.

"మంగళవారం నుంచి అందరూ మెసేజ్‌లే చూశారు. సోమవారం వెళ్ళని ఫోన్ ఎవరూ చూడలేదు. అతను ఫోన్ ఎత్తడని సోమవారం ఆరింటికే తెలిసిన మనిషి మీరొక్కరే."

హెడ్ కానిస్టేబుల్ ఫొటో బల్ల మీద పెట్టాడు. సైరన్ లోపల తిరగాల్సిన చక్రానికీ పక్కనున్న గోడకీ మధ్య కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు. ఎండి రాయిలా ఉంది. ఎక్కడా చిన్న బీటైనా లేదు.

"చక్రం ఒక్క చుట్టు తిరిగినా ఇది పొడైపోయేది. ఈ సైరన్ సోమవారమే కాదు, నెలలుగా మోగలేదు."

గేట్ ఆపరేటర్ చేతులు జోడించాడు. "నేను చెప్పానమ్మా, రెండుసార్లు చెప్పాను! 'మోగించామని రాయి, వానాకాలం అయ్యాక చూద్దాం' అన్నారు. రాశాను."

అసిస్టెంట్ ఇంజినీర్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఐదూ నలభైకి పై డ్యామ్ నుంచి ఫోన్. నీళ్ళు మీదికొస్తున్నాయి, వెంటనే గేట్లు ఎత్తమన్నారు. ఎత్తించాను. ఐదూ యాభై ఐదుకి కిటికీలోంచి చూస్తే... టార్చి లైటు మెట్లు దిగుతోంది. అరిచాను. ఇంత హోరులో ఏం వినబడుతుంది? కాసేపటికి ఆ లైటు లేదు."

"మంగళవారం మెసేజ్ వచ్చినప్పుడు?"

"బతికే ఉన్నాడని నమ్మాలనిపించింది మేడమ్. ఫోన్ చేస్తే తేలిపోయేది. మూడు రోజులు ఆ నంబరు మీద వేలు పెట్టి కూర్చున్నాను. ఎత్తకపోతే ఏం చేయాలి? ఎత్తితే ఏమనాలి?"

"ఐదూ నలభైకే చేసి ఉంటే ఈవిడ ఎత్తేది. గుమ్మంలోంచి ఒక్క కేక వేసేది."

కింద నీళ్ళ హోరు.

పెద్ద ఇంజినీర్ గొంతు సవరించుకున్నాడు. "ఏమయ్యా, ఇంత పని చేస్తావా? నాకొక్క ముక్క చెప్పలేదే!"

ఎస్సై ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. వానలకు ముందు చేసిన తనిఖీ సర్టిఫికెట్. సైరన్ సక్రమంగా పనిచేస్తున్నది.

"దీని మీద రెండు సంతకాలున్నాయి సార్. రెండోది మీది."

తర్వాతి వారం శనివారం తెల్లవారుజామున ఎస్సై మళ్ళీ గట్టు మీదికి వచ్చింది. ఇల్లు ఖాళీ చేయక్కర్లేదని, భర్త ఉద్యోగం ఆమెకే ఇస్తున్నారని ఉత్తర్వు తెచ్చింది. మెట్ల మీద వాన తడి. రీడర్ భార్య పై మెట్టు మీద నిలబడి ఉంది, చంకలో నిద్రపోతున్న పిల్లాడితో. ఉత్తర్వు తీసుకుంది గానీ చదవలేదు.

ఐదూ ముప్ఫైకి కొత్త సైరన్ మోగింది.

నది మీద నుంచి ఆ కూత సాగి సాగి వచ్చింది. పిల్లాడు అదిరిపడి లేచాడు. గుక్కపట్టి ఏడవసాగాడు.

ఎస్సై చేతులు చాచింది. "ఇటివ్వమ్మా, ఊరుకోబెడతాను."

ఆమె ఇవ్వలేదు. అడుగు వెనక్కి వేసి, నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.

"ఏడవనీండమ్మా. ఆ రోజు వీడు ఇట్లా ఏడ్చుంటే, వాళ్ళ నాన్న ఏమైందోనని వెనక్కి వచ్చేవాడు."