సిరియస్ కాదు, గురుగ్రహం

"ఏమప్పా, కింద పిల్లోళ్లకు పాఠం చెప్తాండాను. ఆ డ్రిల్లు రొంతసేపు ఆపకూడదా?"

పుంగనూరులో ఒక స్కూలు మేడ మీద సోలార్ ప్లేట్లు బిగిస్తున్న దిలీప్ తల తిప్పాడు. మెట్ల దగ్గర సైన్స్ టీచర్ యమున. వేళ్లకు చాక్‌పీస్ పొడి, కళ్లలో కోపం. మదనపల్లె నుంచి పనికొచ్చిన దిలీప్‌కు ఆ కోపం కూడా ముచ్చటగానే అనిపించింది.

"సారీ మేడమ్. సాయంత్రం చేసుకుంటాను."

"శుక్రవారం మటుకు కుదరదు. పిల్లోళ్లకూ, వాళ్ల అమ్మానాయనలకూ ఈడి నుంచే నక్షత్రాలు చూపిస్తాండాము. నాకే సరిగ్గా రావు, పుస్తకం చూసి నేర్చుకుంటాండా."

"నక్షత్రాలా? దినామూ మేడల మీదే గదా నా పని. అన్నీ తెలుసు నాకు!"

నిజానికి అతనికి చందమామ తప్ప ఇంకేదీ తెలియదు.

శుక్రవారం చీకటి పడుతుండగా తూర్పున ధగధగా మెరుస్తున్నదాన్ని చూపించి, "అదే సిరియస్. అన్నిటికన్నా బాగా మెరిసే నక్షత్రం" అన్నాడు.

"ఓరియన్ చుక్కల గుంపుకు కింద ఉంటాదని పుస్తకంలో ఉండాదే?"

"పుస్తకం రాసినోళ్లు పుంగనూరుకొచ్చి సూసినారా?"

యమున నవ్వింది. నమ్మింది. అరవై మంది ముందు నిలబడి అదే మాట చెప్పింది.

హెడ్‌మిస్ట్రెస్ వెంకటరత్నమ్మ అడ్డుపడింది. "అది గురుగ్రహం గదమ్మా! సిరియస్ ఆ పక్కన ఉండాది. ఎవరు చెప్పినారు నీకు?"

అందరూ గొల్లున నవ్వారు. యమున ఒక్కసారి దిలీప్ వైపు చూసింది. అతను వంగి, చుట్టాల్సిన అవసరం లేని వైరు చుట్టసాగాడు.

"నేనే పొరపాటు పడినాను మేడమ్" అంది యమున.

దిలీప్ ఎవరికీ కనపడకుండా మెట్లు దిగిపోయాడు. ఆ నవ్వులు తనకు చెందాల్సినవి. పని ముగిసేదాకా యమున మళ్లీ అతనితో మాట్లాడలేదు.

మదనపల్లెలో ఒక నక్షత్రపటం కొన్నాడు. రోజూ పొద్దుగూకగానే ఇంటి మేడ ఎక్కేవాడు. వరుసగా మూడు చుక్కలు: ఓరియన్ నడుము. ఆ వరుస వెంబడి కిందికి పోతే సిరియస్, పైకి పోతే రోహిణి. భుజం మీద ఎర్రగా ఆర్ద్ర. నేర్చుకున్నకొద్దీ సిగ్గు పెరిగింది. పది రోజుల్లో వచ్చేదానికా ఆ అమ్మాయిని నలుగురిలో నవ్వులపాలు చేశాడు!

మరుసటి నెల స్కూల్లో మళ్లీ నక్షత్రాలు చూపిస్తున్నారని తెలిసి వెళ్లాడు. అందరూ మేడ మీదికి చేరాక ముందుకొచ్చాడు.

"పోయినసారి తప్పు చెప్పింది టీచరమ్మ కాదు, నేను. తెలీకపోయినా తెలుసునన్నాను. ఆమె మాట పడతాంటే నోరు మూసుకొని నిలబడినాను."

ఎవరూ నవ్వలేదు. అదే అతనికి మరీ కష్టమైంది.

అందరూ దిగిపోయాక యమున అడిగింది. "ఆ పొద్దే యాల చెప్పలేదు?"

"నీ ముందర చిన్నబోతానని."

"నేను చిన్నబోతే పర్వాలేదా?"

"ఆ క్షణానికి పర్వాలేదనుకున్నాను. నీ మీద ఇంత ఇష్టం పెట్టుకొని అట్లా చేసినాను సూడు, అదే తలెత్తనీడం లేదు."

యమున మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగింది.

"ఆదివారం కుప్పంలో మా ఇంటికి రా" అంది. "మా నాయన కూలికి పోయే కాలంలో తెల్లారకముందే మడికి నీళ్లు కట్టినోడు. చుక్కలు బాగా తెలుసు. ఆయన ముందర మాత్రం గొప్పలు పోవద్దు."

ఆదివారం కుప్పంలో, వాకిట్లో మంచం మీద కూర్చొని యమున నాయన పాపన్న ఆకాశం చూపించాడు. "ఆ మూడు చుక్కలు ఏమో తెలుసునా అబ్బీ?"

దిలీప్ నోటిదాకా వచ్చిన ఇంగ్లీషు పేరును మింగేశాడు. "మీరేమంటారు నాయనా?"

"కావిడి అంటాము" అని మొదలుపెట్టి, పాపన్న ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. దిలీప్ వింటూనే ఉన్నాడు. చివరికి ముసలాయన ఇంట్లోకి తిరిగి కేక వేశాడు.

"అమ్మా యమునా! ఈ అబ్బికి ఈడనే అన్నం పెట్టు. మాట వినేటోడు దొరికినాడు."