బాత్రూమ్‌లో పెద్దల్లుడు

హలో... హలో... వినబడుతోందా అండీ? అందరూ కులాసాయేనా? కాస్త టీవీ సౌండ్ తగ్గించి ఇది వినండి.

దబ్... దబ్... దబ్!

బాత్రూమ్ తలుపు అదురుతోంది.

"ఏమండీ! లోపల కాపురం పెట్టారా? అందరూ మీకోసమే ఆగారు!" భార్య గొంతు.

"వస్తున్నానే... కడుపు బాగోలేదు!"

బాగానే ఉంది. కడుపులో ఉన్నది మంట!

పెద్దల్లుడి ఒళ్ళో లాప్‌టాప్. ఇల్లేమో తోడల్లుడిది. ఇద్దరిదీ ఒకే ఆఫీస్. వెనకొచ్చిన చిన్నల్లుడు మేనేజర్! ఇతనికి అదే పాత కుర్చీ. అత్తగారు వడ్డించేదీ ముందు వాడికే!

ఇవాళ్టితో వాడి పని సరి.

కొత్త మోటారు డ్రాయింగ్ తెరవాలంటే ఆఫీస్ VPN కావాలి. అదొక సొరంగం. అందులోంచి ఏది పోయినా ఇతని పేరు పడుతుంది. అందుకే మెయిల్ యాప్ ఒక్కదాన్నీ సొరంగం బయట పెట్టాడు. స్ప్లిట్ టన్నెలింగ్! దొంగ పేరుతో తెరిచిన ఆ మెయిల్ ఈ ఇంటి వైఫై అడ్రస్‌తో పోటీ కంపెనీకి పోతుంది. రేపు ఆఫీస్‌కి ఒక ఆకాశరామన్న ఫోన్... దొంగ చిన్నల్లుడే!

వేలు 'సెండ్' మీదికి...

స్క్రీన్ నల్లబడింది! ఛార్జర్ హాల్లో!

జేబులో ఐఫోన్. చిన్నల్లుడు వాడి వదిలేసి, "ఉంచుకో అన్నయ్యా" అని ఇచ్చింది. అందులోనూ అదే VPN, అదే మెయిల్. డ్రాఫ్ట్‌లో డ్రాయింగ్ సిద్ధంగా ఉంది.

నొక్కాడు. పోయింది!

చేతులు కడుక్కుని, నవ్వుతూ బల్ల దగ్గర కూర్చున్నాడు.

చిన్నల్లుడి ఫోన్ మోగింది. స్పీకర్‌లో బాస్.

"డ్రాయింగ్ లీకైంది! ఐఫోన్ నుంచి... మన VPNలోంచే! మీ తోడల్లుడి పేరు పడింది, పక్కనే ఉన్నాడా?"

"అబద్ధం! మెయిల్‌ని నేను బయట పెట్టా..."

పెద్దల్లుడు నాలుక కరుచుకున్నాడు.



చిన్నల్లుడు మెల్లగా అన్నాడు. "పెట్టింది లాప్‌టాప్‌లో అన్నయ్యా. ఐఫోన్‌లో మన VPNకి ఆ ఆప్షనే లేదు. అన్నీ సొరంగంలోంచే పోతాయి."

అత్తగారి గరిటె గాల్లోనే ఆగింది. పెద్దల్లుడి కంచం మీద!

"కడుపు బాగోలేదన్నారని... ఇవాళ ముందు మీకే పెడదామనుకున్నాను బాబూ."

ధడేల్!

వీధి తలుపు గడియ పడింది. అతను జారుకోకుండా వేసింది... అతని భార్యే!

అదండీ సంగతి. మీకు తెలిసిన తోడల్లుళ్ళుంటే ఈ కథ పంపండి. ఇద్దరికీ ఒకేసారి పంపండి సుమా... ఒకరికి ముందు, ఒకరికి వెనక వద్దు!